ఫోటోలో దొరికేది కోణమే: పరిమాణాన్నీ దూరాన్నీ లెక్కగట్టే పద్ధతులు, వాటి హద్దులు

ఫోటోలో కనిపించే వస్తువు ఎంత పెద్దది, కెమెరాకు ఎంత దూరంలో ఉంది అన్న ప్రశ్నలకు ఆ ఫోటో తనంతట తాను ఇవ్వగలిగిన సమాధానం ఒక్కటే: ఆ వస్తువు కెమెరా దగ్గర ఎంత కోణం చేస్తోంది అన్నది. చిన్న వస్తువు దగ్గరగా ఉన్నా, పెద్ద వస్తువు దూరంగా ఉన్నా ఆ కోణం సమానం కావచ్చు. సూర్యుడి వ్యాసం సుమారు 13.9 లక్షల కిలోమీటర్లు, చంద్రుడిది 3,474 కిలోమీటర్లు. అయినా ఆకాశంలో రెండూ దాదాపు అర డిగ్రీ మేరకే కనిపిస్తాయి, సంపూర్ణ సూర్యగ్రహణం సాధ్యమవుతున్నది అందువల్లే. పరిమాణం తెలిస్తే దూరం వస్తుంది, దూరం తెలిస్తే పరిమాణం వస్తుంది. రెండూ తెలియనప్పుడు ఫోటోను ఎన్ని రెట్లు పెద్దది చేసి చూసినా చేతికి వచ్చేది ఆ రెండింటి నిష్పత్తే. కాబట్టి ఈ లెక్కలన్నింటిలోనూ చూడవలసింది పిక్సెళ్లను ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టారన్న దానికన్నా, బయటి నుంచి తెచ్చి కలిపిన ఆ ఒక్క సమాచారం ఎక్కడిది, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నది.

నిష్పత్తి ఒక్కటే చేతిలో ఉన్నా చాలా దూరం వెళ్లవచ్చు. చంద్రుడు భూమికి సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో, అంటే తన వ్యాసానికి దాదాపు 110 రెట్ల దూరంలో ఉంటాడు. అందువల్ల ఏ వస్తువునైనా దాని వెడల్పుకు 110 రెట్ల దూరం నుంచి చూస్తే అది చంద్రబింబం అంతే కనిపిస్తుంది. చార్మినార్ ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు ఉంటుంది. ఎదురుగా తీసిన ఫోటోలో దాని వెనుక ఉదయిస్తున్న పున్నమి చంద్రుడు సరిగ్గా కట్టడం వెడల్పుతో సమానంగా ఉంటే, కెమెరా గురించి గానీ లెన్సు గురించి గానీ ఏమీ తెలియకపోయినా, ఫోటో తీసిన చోటు అక్కడికి 2,200 మీటర్ల దూరంలో ఉందని చెప్పవచ్చు. చంద్రుడి దూరం సుమారు 3.56 లక్షల నుంచి 4.07 లక్షల కిలోమీటర్ల మధ్య మారుతూ ఉంటుంది కనుక ఈ అంకె 2,050 నుంచి 2,340 మీటర్ల దాకా అటూ ఇటూ కావచ్చు. ఫోటో తీసిన తేదీ తెలిస్తే ఆ తేడా కూడా తొలగిపోతుంది. ఇదే ఫోటోను అర కిలోమీటరు దూరంలోని మేడ మీద నుంచి తీశామని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. అంత దగ్గర నుంచి చూస్తే చార్మినార్ చంద్రుడికి నాలుగు రెట్లకు పైగా వెడల్పుగా కనిపించాలి. సామాజిక మాధ్యమాల్లో తిరిగే ‘భారీ చంద్రుడు’ ఫోటోల్లో అతుకు వేసినవి ఏవో పట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు.

కెమెరా లోపలి లెక్క పాఠశాలలో చదివే సరూప త్రిభుజాల లెక్కే. సెన్సర్‌పై పడిన ప్రతిబింబం పొడవును లెన్సు నాభ్యంతరంతో (ఫోకల్ లెంగ్త్‌తో) భాగిస్తే వచ్చే విలువ, అసలు వస్తువు పొడవును దాని దూరంతో భాగిస్తే వచ్చే విలువకు సమానం. నాభ్యంతరాన్ని మిల్లీమీటర్లలో కాక పిక్సెళ్లలో రాసుకుంటే పని ఇంకా తేలికవుతుంది. ఫోన్ ప్రధాన కెమెరా ఫోటోలో దాగి ఉండే ఎక్సిఫ్ సమాచారంలో ‘35 మిల్లీమీటర్ల ఫిల్ముకు సమానమైన నాభ్యంతరం 26’ అని ఉండి, ఫోటో 4,000 పిక్సెళ్ల వెడల్పు, 3,000 పిక్సెళ్ల ఎత్తు ఉందనుకుంటే, కర్ణాల నిష్పత్తితో లెక్కించినప్పుడు ఆ నాభ్యంతరం దాదాపు 3,000 పిక్సెళ్లు అవుతుంది. కర్ణానికి బదులు వెడల్పును ఆధారంగా తీసుకుంటే 2,890 వస్తుంది. పాత ఫిల్ము చట్రం 3:2 నిష్పత్తిలో, ఫోన్ సెన్సర్ 4:3 నిష్పత్తిలో ఉండడం వల్ల వచ్చే తేడా ఇది. ఏ పద్ధతి వాడారో ఫోటో చెప్పదు, కనుక మొదటి అడుగులోనే 4 శాతం అనుమానం చేరిపోతుంది. చెకర్‌బోర్డు గళ్ల కాగితాన్ని వేర్వేరు కోణాల్లో ఫోటోలు తీసి అదే కెమెరాను క్రమాంకనం (కాలిబ్రేషన్) చేసుకున్నవారికి ఈ బెడద ఉండదు.

ఇప్పుడు ఆ ఫోటోలో నిలబడిన మనిషి 170 పిక్సెళ్ల ఎత్తు ఉన్నాడని, అతని అసలు ఎత్తు 1.70 మీటర్లని అనుకుంటే, 1.70ని 3,000తో గుణించి 170తో భాగించగా దూరం 30 మీటర్లు అని తేలుతుంది. తల పైభాగం ఎక్కడ మొదలైందో, చెప్పు అంచు ఎక్కడ ముగిసిందో గుర్తించడంలో రెండు పిక్సెళ్ల పొరపాటు జరిగినా దూరం మారేది 35 సెంటీమీటర్లే. కానీ ఆ మనిషి ఎత్తు నిజానికి తెలియదు, ఊహించుకున్నదే అయితే, 1.60కీ 1.80కీ మధ్య ఎంతైనా కావచ్చు. అప్పుడు దూరం 28.2 నుంచి 31.8 మీటర్ల దాకా పోతుంది. పిక్సెల్ లెక్కలో వచ్చే దోషం కన్నా ఊహలో వచ్చే దోషం ఐదు రెట్లు పెద్దది. ఫలితాన్ని ‘29.87 మీటర్లు’ అని రెండు దశాంశాలతో రాసే నివేదికలను ఈ కారణం చేతనే అనుమానంగా చూడాలి.

పైగా ఆ 3,000 అన్న విలువ ఫోటో చెక్కుచెదరకుండా ఉన్నంతవరకే చెల్లుతుంది. డిజిటల్ జూమ్ వాడితే, వీడియోలో కుదుపు తగ్గించడానికి ఫోనే అంచులు కత్తిరిస్తే, పంపినవారు క్రాప్ చేస్తే ఆ విలువ మారిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పరిమాణం తగ్గి, ఎక్సిఫ్ సమాచారం పోయి అవతలివారికి చేరుతుంది. అలాంటి ఫోటోలో లెన్సు దారి మూసుకుపోయినట్లే. ఇక ఆధారపడవలసింది ఫోటో లోపల కనిపించే వస్తువుల మీదే.

కొలత ముందే తెలిసిన వస్తువు ఫోటోలో ఉందా అని వెతకడం రెండో దారి. మన చుట్టూ ఇలాంటివి కావలసినన్ని ఉన్నాయి. కార్ల పొడవాటి నంబరు ప్లేటు 500 మిల్లీమీటర్ల పొడవు, 120 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు. రైలు బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం దేశమంతటా 1,676 మిల్లీమీటర్లే, అందులోనూ పట్టాలు ఫోటో లోతుల్లోకి సాగిపోతాయి కనుక అవి ప్రతి దూరానికీ ఒక కొలబద్దను అక్కడికక్కడే పరిచి ఉంచుతాయి: పై ఫోన్ కెమెరాలో పట్టాల మధ్య దూరం 100 పిక్సెళ్లు ఉన్న చోటు 50 మీటర్లలో, 50 పిక్సెళ్లు ఉన్న చోటు 100 మీటర్లలో ఉన్నట్లు. (ఇందుకోసం పట్టాల మీదికి దిగనక్కర్లేదు, దిగడం నేరం కూడా, ప్లాట్‌ఫారం చివర నుంచి తీసిన ఫోటో చాలు.) రాజమహేంద్రవరం దగ్గర 1997లో పూర్తయిన గోదావరి ఆర్చి వంతెనలో ఒక్కోటి 97.55 మీటర్ల పొడవున్న 28 ఆర్చీలున్నాయి. గట్టు మీద నుంచి ఏటవాలుగా తీసిన ఫోటోలో దూరపు ఆర్చీలు కుంచించుకుపోయి కనిపించినా, వంతెన మీద వెళ్తున్న రైలు ఎన్ని ఆర్చీల మేర పరుచుకుందో లెక్కపెడితే దాని పొడవు తెలిసిపోతుంది. 24 ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) పెట్టెల రైలు దాదాపు ఆరు ఆర్చీలను ఆక్రమిస్తుంది.

రైలు లెక్క అంత సులువుగా కుదరడానికి కారణం అది వంతెన మీదే ఉండడం. కొలబద్దగా వాడే వస్తువు, కొలవవలసిన వస్తువు కెమెరాకు సమాన దూరంలో లేకపోతే ఈ పద్ధతి మొత్తం తలకిందులవుతుంది. ‘20 అడుగుల కొండచిలువ’ అంటూ ఏటా తిరిగే ఫోటోలలో ఎక్కువ భాగం ఈ తేడా మీదే నడుస్తాయి. పొడవాటి కర్ర కొసకు పామును వేలాడదీసి కెమెరా వైపు చాస్తారు. మనిషి కెమెరాకు మూడున్నర మీటర్ల దూరంలో, పాము రెండు మీటర్ల దూరంలో ఉంటే, మనిషి పక్కన పాము 1.75 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. పది అడుగుల పాము పదిహేడున్నర అడుగులవుతుంది. ఇక్కడ ఫోటోలో ఏ మార్పూ చేయలేదు కాబట్టి, మార్ఫింగ్ జాడల కోసం వెతికేవారికి ఏమీ దొరకదు. చూడవలసింది కర్రను. చేతి దగ్గరి కన్నా కొస దగ్గర అది లావుగా కనిపిస్తే, కొస కెమెరాకు ఎంత దగ్గరగా వచ్చిందో ఆ లావుల నిష్పత్తే చెబుతుంది, వెదురుకర్ర అయితే కొస సహజంగానే సన్నబడుతుంది కనుక అనుమానం ఇంకా బలపడుతుంది.

రెండో షరతు, కొలబద్ద కెమెరాకు ఎదురుగా తిరిగి ఉండాలి. విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలిపిన ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి పొడవు 91.3 మీటర్లు. దాన్ని 30 డిగ్రీలు పక్కకు జరిగి ఫోటో తీస్తే కనిపించే పొడవు సుమారు 79 మీటర్లకు తగ్గుతుంది. ఆ సంగతి మరచి 91.3తోనే లెక్క వేస్తే దూరం 15 శాతం ఎక్కువగా వస్తుంది. 60 డిగ్రీలు జరిగితే పొడవు సగానికి పడిపోతుంది. నేరస్థలంలో ఫోటోలు తీసేవారు తిన్నని స్కేలుకు బదులు ఎల్ ఆకారపు స్కేలు పెట్టేది ఇందుకే. రెండు చేతుల మీది గీతలు సమానంగా కనిపించకపోతే కెమెరా వాలి ఉందని తెలుస్తుంది, ఆ వాలును తర్వాత సరిచేయవచ్చు కూడా.

బయటి సమాచారం నాణ్యతే ఫలితాన్ని నిర్ణయిస్తుందని చూపడానికి చరిత్రలో రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టదగినవి. 1943 చివర్లో బ్రిటన్‌లోని మెడ్మెన్‌హామ్ వైమానిక ఛాయాచిత్ర కేంద్రంలో పనిచేస్తున్న కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్, జర్మనీలోని పీనెముండే మీద తీసిన ఫోటోలో చిన్న శిలువ ఆకారాన్ని గుర్తించారు. దాని రెక్కల విస్తారం సుమారు 20 అడుగులని కొలత తేలడంతో ఆ యంత్రానికి ‘పీనెముండే 20’ అన్న గుర్తింపు పేరు వచ్చింది. అది వి-1 ఎగిరే బాంబు. అసలు విస్తారం పదిహేడున్నర అడుగులకు కాస్త అటూ ఇటూ. అంత చిన్న ప్రతిబింబం నుంచి అంత దగ్గరి అంకె రావడానికి కారణం విమానం ఎత్తు, కెమెరా నాభ్యంతరం ముందే తెలిసి ఉండడం. నిలువుగా కిందికి చూసే కెమెరాలో నాభ్యంతరాన్ని ఎత్తుతో భాగిస్తే ఫోటో స్కేలే వచ్చేస్తుంది: 152 మిల్లీమీటర్ల లెన్సుతో 1,520 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే 1:10,000.

రెండోది 1934 ఏప్రిల్‌లో లండన్ పత్రిక డైలీ మెయిల్ ప్రచురించిన స్కాట్లాండ్ లోక్ నెస్ సరస్సు ‘రాక్షసి’ ఫోటో. అందులో పొడవాటి మెడ, చిన్న అలలు తప్ప మరేమీ లేవు; ప్రచురించిన రూపంలో చుట్టూ ఉన్న నీటిని కత్తిరించడంతో ఆకారం మరింత పెద్దదిగా అనిపించింది. దూరం తెలియదు, తెలిసిన వస్తువు లేదు. మిగిలిన ఒక్క ఆధారం గాలికి లేచిన అలలు. గాలి వేగాన్ని బట్టి అలల పొడవు ఎంత ఉండవచ్చో అంచనా వేసి, దానితో పోల్చి పాల్ లెబ్లాండ్, ఎం.జె. కాలిన్స్ అనే పరిశోధకులు 1987లో మెడ ఎత్తు సుమారు 1.2 మీటర్లని లెక్కగట్టారు. పద్ధతి తెలివైనదే, అప్పటిదాకా ప్రచారంలో ఉన్న భారీ అంకెలను అది బాగా కిందికి దించింది కూడా. అయితే అది బొమ్మ జలాంతర్గామికి తలా మెడా అతికించి నీటిలో వదిలిన బూటకమని 1994లో బయటపడింది. చేసిన వ్యక్తి మాట ప్రకారం దాని ఎత్తు దాదాపు ఒక అడుగు. వి-1 విషయంలో 15 శాతం లోపు ఉన్న దోషం ఇక్కడ నాలుగు రెట్లయింది. రెండు చోట్లా కొలిచినవారు నిపుణులే; తేడా కొలబద్దలో ఉంది.

తెలిసిన వస్తువు ఏదీ లేకపోయినా నేల, క్షితిజరేఖ కనిపిస్తుంటే మరో దారి ఉంది, ఇది చాలామంది దృష్టికి రానిది. సమతలమైన నేల మీద నిలబడి తీసిన ఫోటోలో క్షితిజరేఖ ప్రతి వస్తువునూ కెమెరా ఎత్తు దగ్గరే ఖండిస్తుంది, ఆ వస్తువు పది మీటర్లలో ఉన్నా వంద మీటర్లలో ఉన్నా. కెమెరాను 1.5 మీటర్ల ఎత్తులో పట్టుకుంటే, సముద్రపు అంచు గీత ఒక మనిషి గడ్డాన్ని తాకుతూ పోతే గడ్డం 1.5 మీటర్ల ఎత్తులో ఉన్నట్లు. ఆ మనిషి ఎంత దూరంలో ఉన్నాడో తెలియకుండానే ఎత్తు తెలిసింది. దూరం కావాలంటే పాదాలు క్షితిజరేఖకు ఎన్ని పిక్సెళ్లు కింద ఉన్నాయో చూడాలి. కెమెరా ఎత్తును పిక్సెళ్ల నాభ్యంతరంతో గుణించి ఆ అంకెతో భాగించాలి. 1.5ను 3,000తో గుణిస్తే 4,500. పాదాలు 150 పిక్సెళ్ల కింద ఉంటే దూరం 30 మీటర్లు. క్షితిజరేఖను గుర్తించడంలో పది పిక్సెళ్లు అటూ ఇటూ అయితే 28 నుంచి 32 మీటర్ల మధ్య వస్తుంది, అది సహించదగ్గదే. అదే మనిషి 150 మీటర్ల దూరంలో ఉంటే పాదాలు 30 పిక్సెళ్ల కిందే ఉంటాయి. అవే పది పిక్సెళ్ల దోషం వల్ల దూరం 112 నుంచి 225 మీటర్ల దాకా ఎక్కడైనా ఉండవచ్చు. దూరం పెరిగేకొద్దీ ఈ పద్ధతి ఎంత త్వరగా చేతులెత్తేస్తుందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

భూమి గుండ్రదనం వల్ల సముద్రపు అంచు అసలు క్షితిజరేఖకు కాస్త కిందగా కనిపిస్తుంది గానీ, 1.5 మీటర్ల ఎత్తు నుంచి ఆ తేడా రెండు పిక్సెళ్లే. బీచ్‌లో అసలు ఇబ్బంది ఇసుక వాలు. నీటి ఒడ్డున ఉన్న మనిషి ఫోటో తీసినవారి కన్నా అర మీటరు పల్లంలో నిలబడి ఉంటే, దూరం నిజానికన్నా 25 శాతం తక్కువగా వస్తుంది. ఊరి మధ్యలో క్షితిజరేఖ కనిపించకపోతే, రోడ్డు అంచులు, గోడల గీతలు పొడిగిస్తే కలిసే బిందువుల ద్వారా దాన్ని గీసుకోవచ్చు. ఒకే ఫోటోలో ఇలాంటి సమాంతర రేఖల ఆధారంగా ఎత్తులు కొలిచే పద్ధతిని ఆంటోనియో క్రిమినిసి, ఇయాన్ రీడ్, ఆండ్రూ జిస్సర్‌మన్ అనే పరిశోధకులు 2000లో గణితబద్ధంగా రాసిపెట్టారు. అందులోనూ కనీసం ఒక్క ఎత్తు బయటి నుంచి ఇవ్వక తప్పదు.

నీడ కూడా కొలబద్దే. ఫోటో తీసిన చోటు, తేదీ, సమయం తెలిస్తే సూర్యుడి ఎత్తు కోణం తెలుస్తుంది. ఆ కోణం 45 డిగ్రీలైతే నీడ పొడవే వస్తువు ఎత్తు. అయితే హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చి నిలువు స్తంభానికి నీడే పడదు కనుక, ఆ వేళ తీసిన ఫోటో ఇందుకు పనికిరాదు.

లెన్సు చేసే మోసం ఒకటి చెప్పి తీరాలి. పెళ్లి గ్రూపు ఫోటోలో చివర నిలబడినవారు లావుగా కనిపించడం అందరికీ అనుభవమే. వెడల్పాటి లెన్సు నేరుగా ఉన్న గీతలను నేరుగానే చూపడానికి ప్రయత్నించడం వల్ల అంచుల్లోని గుండ్రని ఆకారాలు బయటి వైపు సాగుతాయి. ఫోటో మధ్య నుంచి 35 డిగ్రీల పక్కన ఉన్న తల దాదాపు 22 శాతం సాగి కనిపిస్తుంది. కెమెరాకు సమాంతరంగా ఉన్న గోడ మీది పోస్టరు మాత్రం అదే అంచులో సాగదు. కాబట్టి మనుషులను కొలబద్దగా తీసుకునేటప్పుడు ఫోటో మధ్యలో ఉన్నవారినే ఎంచుకోవాలి.

రెండు చోట్ల నుంచి తీసిన రెండు ఫోటోలు ఉంటే పరిస్థితి మారిపోతుంది, ఎందుకంటే ఆ రెండు చోట్ల మధ్య దూరమే కావలసిన బయటి సమాచారం అవుతుంది. చంద్రయాన్-3 ప్రజ్ఞాన్ రోవర్ ముందుభాగంలోని రెండు నావిగేషన్ కెమెరాలు ఇలాగే జంటగా ఫోటోలు తీశాయి. 2023 ఆగస్టు 27న రోవర్‌కు మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వ్యాసం గల గొయ్యి ఎదురుకావడంతో దాన్ని వచ్చిన దారినే వెనక్కి మళ్లించామని ఇస్రో ప్రకటించింది. చెట్టూ మనిషీ ఇల్లూ లేని చంద్రుడి నేల మీద ఒకే ఫోటో చూసి ఆ గొయ్యి గిన్నెంతో చెరువంతో చెప్పడం కష్టం. ఫోన్‌లోనూ రెండు లెన్సులు ఉంటాయి గానీ వాటి మధ్య ఎడం చాలా తక్కువ. అది ఒక సెంటీమీటరు అనుకుంటే, రెండు మీటర్లలోని వస్తువు రెండు ఫోటోల మధ్య 15 పిక్సెళ్లు జరుగుతుంది, 30 మీటర్లలోనిది ఒకే ఒక్క పిక్సెల్ జరుగుతుంది. ముఖం వెనుక నేపథ్యాన్ని మసకబార్చడానికి అది సరిపోతుంది, పొలం గట్టు దూరం కొలవడానికి సరిపోదు. ఫోన్‌లోని కొలత యాప్‌లు ఫోన్‌ను కాస్త అటూ ఇటూ కదపమని అడగడం ఆ ఎడాన్ని పెంచుకోవడానికే. ఎంత కదిలిందో లోపలి త్వరణ సెన్సర్లు చెబుతాయి. కొన్ని ఫోన్లలో ఉండే లైడార్ ఏకంగా కాంతిని పంపి దూరం కొలుస్తుంది, దాని పరిధి ఐదు మీటర్ల మేరకే.

ఒకే ఫోటో ఇస్తే ప్రతి పిక్సెల్‌కూ దూరం చెప్పే కృత్రిమ మేధ నమూనాలు ఇప్పుడు సులభంగా దొరుకుతున్నాయి. అవి కోణం అన్న హద్దును దాటలేదు. తలుపులు, కార్లు, మనుషులు మామూలుగా ఎంతెంత ఉంటారో లక్షల ఫోటోల నుంచి నేర్చుకుని, ఆ అలవాటును కొలబద్దగా వాడుతున్నాయి. ఏది ముందు, ఏది వెనుక అన్న క్రమాన్ని అవి బాగా చెబుతాయి. మీటర్లలో చెప్పిన అంకె మాత్రం ఫోటోలోనిది మామూలు లోకమే అయినప్పుడు నమ్మదగినది. బొమ్మల కొలువులో పేర్చిన ఊరిని దగ్గర నుంచి తీసిన ఫోటో ఇస్తే అది ఊరి దూరాలే చెప్పవచ్చు, పైగా ఏ ఊహ మీద చెప్పిందో వివరించదు.

ఫలితం మీద ఒకరి స్వేచ్ఛ ఆధారపడే చోట, అంటే సీసీ కెమెరా దృశ్యంలోని వ్యక్తి ఎత్తు తేల్చవలసి వచ్చినప్పుడు, ఫోరెన్సిక్ నిపుణులు వీలైతే ఈ ఊహలన్నీ పక్కనపెట్టి సంఘటన స్థలానికే వెళ్తారు. అదే కెమెరా అదే గోడకు అలాగే ఉండగా, ఆ వ్యక్తి అడుగుపెట్టిన చోటే గీతలు గీసిన కొలత కర్రను నిలబెట్టి, కొత్త దృశ్యాన్ని పాతదాని మీద పరిచి చూస్తారు. లెన్సు వంకర, కెమెరా వాలు, నేల పల్లం అన్నీ రెండు దృశ్యాల్లోనూ ఒకటే కనుక వాటిని విడిగా లెక్కించే పని ఉండదు. అప్పటికీ నడిచే మనిషి అడుగు వేసినప్పుడల్లా కొన్ని సెంటీమీటర్లు కిందికి దిగుతాడు, చెప్పులు, జుట్టు, టోపీ ఎత్తును పెంచుతాయి, తల వంచితే తగ్గుతుంది. అందుకే పలు ఫ్రేముల్లో కొలిచి, నివేదికలో ఒక్క అంకెకు బదులు ఇంత నుంచి ఇంతవరకు అన్న వ్యవధినే రాస్తారు. అనుమానితుడి ఎత్తు ఆ వ్యవధిలో పడితే అతణ్ణి తోసిపుచ్చలేమని మాత్రమే చెప్పగలుగుతారు, బయట పడితే తోసిపుచ్చగలుగుతారు.